చలిగదిలో అక్క కణాలు

"సాయంత్రంలోగా అటో ఇటో తేలిపోవాలండీ. తేలకపోతే కిడ్నీ పోతుంది. తొందరపడి తప్పు మందు ఎక్కిస్తే మనిషే పోతాడు."

కిడ్నీ డాక్టరమ్మ ఈ మాట గొంతు పెంచకుండా చెప్పింది. పెంచినా కాస్త నయంగా ఉండేది. ఎదురుగా కూర్చున్న అక్క, ఎడమ డొక్క మీద చెయ్యి వేసుకుని రెప్ప వెయ్యకుండా వింటోంది. ఆ డొక్కలోంచి తీసిన కిడ్నీయే మూడు గదుల అవతల తమ్ముడి పొట్టలో వాచి కూర్చుంది.

పక్క కుర్చీలో డిటెక్టివ్ పిన్ని వరసగా మూడోసారి తుమ్మింది. ఆవిడకి అసలు పేరు లేక కాదు. ఒకప్పుడు ఆవిడ సొంత అక్కగారి కొడుకు పోలీసు స్టేషన్లో పనిచేసేవాడు. ఓ దొంగతనం కేసులో ఈవిడ దొంగని పట్టిస్తే, ఆనందం పట్టలేక అందరి ముందూ "భలే పట్టావు పిన్నీ!" అని అరిచాడు. అంతే. ఆ రోజు నుంచి కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి లాకప్పులో దొంగల దాకా అందరికీ ఆవిడ పిన్నే అయిపోయింది.

"ఈ పాడు జలుబు వదలదు గానీ, నాకు మామూలు మాటల్లో చెప్పండి డాక్టరమ్మా. వాపు ఒకటే కదా, మందు దగ్గర ఇంత తర్జనభర్జన ఎందుకు?"

"వాపు ఒకటే, కారణాలు రెండు. సొంత అక్కే ఇచ్చినా సరే, పెట్టించుకున్న ఒంటికి ఆ కిడ్నీ పరాయిదే. దాని మీద యుద్ధానికి దిగుతుంది. అందుకని ఒంట్లో రోగాలతో పోరాడే బలాన్ని మందులతో అణిచిపెడతాం. అణిచిపెడితే ఇంకో తంటా. దారినపోయే ప్రతి వైరస్సూ లోపలికొచ్చి తిష్ట వేస్తుంది. ఈ రెండు బాధలూ తగ్గడానికే మూలకణాలు ఎక్కిస్తున్నాం. స్టెమ్ సెల్స్ అంటారే, అవి. కిడ్నీ ఇచ్చినవాళ్ళ ఎముక మజ్జలోంచి తీసి, ల్యాబులో పెంచి, గడ్డకట్టించి దాస్తాం. కిడ్నీ పెట్టాక కరిగించి రక్తంలోకి ఎక్కిస్తాం. అవి వెళ్ళి వాపు చల్లారుస్తాయి, ఒంటికి నచ్చజెబుతాయి. అవి ఎక్కాయన్న ధైర్యంతోనే మిగతా మందులు సగానికి తగ్గిస్తాం."

"తగ్గించారా?"

"తగ్గించాను. ఇప్పుడు వాచింది. కణాలు నిజంగా ఎక్కి ఉంటే ఇది వైరస్ పని, మందులు ఇంకా తగ్గించాలి. ఎక్కకపోయి ఉంటే ఒళ్ళు కిడ్నీని తోసేస్తోందని అర్థం, మందులు భారీగా పెంచాలి. చిన్న ముక్క తీసి చూశాను. ఎటూ చెప్పలేని వాపు. వైరస్ పరీక్ష ఎల్లుండికి గానీ రాదు. అప్పటిదాకా ఆ కిడ్నీ ఆగదు."

"మరి కణాలు ఎక్కలేదన్న అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

జవాబు అక్క చెప్పింది. "నిన్న సాయంత్రం ల్యాబులో టెక్నీషియన్ గారు ఫోన్ చేశారండీ. గొంతు వణికిపోతోంది. 'అమ్మా, మీ తమ్ముడికి ఎక్కించిన సంచి గురించి మీకో మాట చెప్పాలి, ఫోన్లో వద్దు, పొద్దున్నే రండి' అన్నారు. పొద్దున్నే వచ్చాను. వచ్చేసరికి..."

వచ్చేసరికి టెక్నీషియన్, కణాలు దాచే చలిగదిలో శవమై ఉన్నాడు. ఊడవడానికి వచ్చినామె తలుపు తీసి కెవ్వుమందట. పోలీసులు వచ్చారు, చూశారు, ప్రమాదమని తేల్చేశారు. అక్క మాత్రం తిన్నగా పిన్ని ఇంటికి పరుగెత్తింది.

"ఎక్కిందీ లేనిదీ తెలిసే గుర్తు ఒక్కటీ లేదా?" అంది పిన్ని లేస్తూ.

"ఒకటుంది. కణాలు గడ్డకట్టినప్పుడు పగలకుండా ఒక ద్రవం కలుపుతారు. అది రక్తంలో చేరిందంటే మనిషి ఊపిరిలోంచి ఒకటే వెల్లుల్లి వాసన. మర్నాటిదాకా పోదు. నోట్లో ఆ రుచి తెలియకుండా నారింజ బిళ్ళలు చప్పరించమంటాం. కానీ ఆ రోజు నేను ఊళ్ళో లేను."

"వాసన కేసు, అదీ నాకు ముక్కులు మూసుకుపోయినప్పుడు! నా తలరాత అలా ఏడిసింది, పదండి."

తమ్ముడు జ్వరంతో కళ్ళు ఎర్రగా చేసుకుని దిండుకి ఆనుకుని ఉన్నాడు. అక్కని చూడగానే నవ్వబోయాడు. "అక్కా, నీ కిడ్నీ అచ్చం నీలాగే ఉందే. నా ఇంట్లో ఉంటూ నా మాట ఒక్కటీ వినదు."

"నోరు మూసుకుని పడుకోరా!" అని కసిరింది అక్క. కసిరి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పిన్ని మంచం అంచున కూర్చుంది. "బాబూ, ఆ సంచి ఎక్కించిన రోజు నోట్లో రుచి ఎలా ఉందో గుర్తుందా?"

"గుర్తు లేకేమండీ! నారింజ బిళ్ళలు. నాలుగైదు లాగించేశాను. అక్క కూడా తింది."

"వెల్లుల్లి తిన్నట్టు లేదూ?"

"లేదే."

"నువ్వు చెప్పమ్మా. పక్కనే ఉన్నావుగా?"

అక్క తల అడ్డంగా ఊపింది. "రాత్రంతా ఇక్కడే కూర్చున్నాను. మందుల వాసన తప్ప ఇంకేం రాలేదు."

మంచానికి అవతల సెలైన్ సరిచేస్తున్న నర్సు చెయ్యి ఆగిపోయింది. పిన్ని చూపు అక్కడే పడింది. "ఏమ్మా, నోటిదాకా వచ్చిన మాట మింగేస్తున్నావ్?"

"ఏం లేదండీ... ఇదివరకు కణాలు ఎక్కించినవాళ్ళ గదిలో నిలబడలేకపోయేవాళ్ళం. కిటికీలు తీసినా లాభం ఉండేది కాదు. ఈమధ్య ఎవరి దగ్గరా రావట్లేదు. ల్యాబ్ సార్‌ని అడిగాను. ద్రవం మార్చాం, ఇది వాసన లేనిది అన్నారు."

డాక్టరమ్మ నుదురు చిట్లించింది. "ద్రవం మార్చారా? నాతో ఒక్క మాట అనలేదే!"

"అయితే ల్యాబ్ సార్‌నే అడుగుదాం," అని పిన్ని చేతిసంచి భుజాన వేసుకుంది. అక్క కూడా వెంట నడిచింది. వద్దన్నా ఆగే మనిషిలా కనిపించలేదు గనక పిన్ని వద్దనలేదు.

ల్యాబు కింది అంతస్తులో ఉంది. పొడుగాటి బల్లలు, సూక్ష్మదర్శినులు, నీళ్ళు వెచ్చగా ఉంచే తొట్టి, ఆ చివర బరువైన తలుపున్న చలిగది. తలుపు ముందు ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన ల్యాబ్ సార్. తెల్లకోటు, నలగని కాలరు, నిద్రలేని కళ్ళు.

"అదిగో, పిన్నిగారు వేంచేశారు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంకేముంది, శుభ్రమైన ప్రమాదం కాస్తా హత్య అయి కూర్చోవాలి."

"శుభ్రంగా ఉంటే నేనెందుకు చెడగొడతాను నాయనా? ఏం జరిగిందో నువ్వే చెప్పు, వింటాను."

"చెప్పడానికేముంది. లోపల ఆ పెద్ద ట్యాంకు నిండా ద్రవ నైట్రోజన్. కణాలు అందులో మునిగి ఉంటాయి. ద్రవం ఆవిరైపోతూ ఉంటుంది గనక డబ్బాతో మళ్ళీ నింపుతుంటారు. నిన్న సాయంత్రం టెక్నీషియన్ నింపుతుంటే డబ్బా జారి పడింది. ద్రవమంతా ఒక్కసారిగా ఆవిరై గదిలో గాలిని తరిమేసింది. రెండు ఊపిరులు పీల్చాడు, కూలిపోయాడు. ఇంతే సంగతులు."

"గాలి తగ్గితే మొత్తుకోవడానికి గోడ మీద ఆ అలారం పెట్టె ఉందిగా?"

"ప్లగ్గు ఊడిపోయి ఉంది. ఎప్పుడూడిందో ఎవరికి తెలుసు?"

"మరి తలుపు?"

"తలుపుకేమైంది? మూసి ఉంది."

డాక్టరమ్మ ఉండబట్టలేక కల్పించుకుంది. "అదే కదండీ వింత. తలుపు బార్లా తీసి రబ్బరు ముక్క అడ్డం పెట్టకుండా ఆయన నన్నే లోపల అడుగుపెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను మర్చిపోతే, డాక్టరునని కూడా చూడకుండా చీవాట్లు పెట్టాడు."

పిన్ని తలుపు బయట ఉన్న అరమీదకి చూసింది. రబ్బరు ముక్క అక్కడ బుద్ధిగా కూర్చుని ఉంది. లోపల చచ్చిపడ్డ మనిషి దాన్ని బయట అరలో పెట్టలేడు. చలిగదిలోకి వెళ్ళింది. ఇరుకు గది, కిటికీ లేదు. ఆ మూల భుజాల ఎత్తు ట్యాంకు. డబ్బా మాత్రం ట్యాంకు దగ్గర కాదు, గుమ్మం పక్కనే బోర్లా పడి ఉంది. ట్యాంకులో పోస్తుంటే జారిన డబ్బా గుమ్మం దాకా నడిచి వచ్చిందా?

బయటికొచ్చి గోడకున్న కొయ్యమేకులు చూసింది. మోచేతుల దాకా వచ్చే మందపాటి గ్లౌజులు రెండు జతలున్నాయి. ఒక జత అంచుకున్న రింగుతో మేకుకి తగిలించి, వేళ్ళు కిందికి వేలాడుతోంది. ఇంకో జతని మేకులకే తొడిగారు, వేళ్ళు పైకి నిక్కి ఉన్నాయి. పిన్ని రెండింట్లోనూ వేళ్ళు పెట్టి చూసింది. వేలాడేవి పొడిగా ఉన్నాయి. నిక్కినవి ఇంకా చెమ్మగా ఉన్నాయి.

"గ్లౌజులు ఎప్పుడూ ఇక్కడ బయటే ఉంటాయా?"

"వేసుకునే లోపలికి వెళ్ళాలి. అది నియమం," అన్నాడు ల్యాబ్ సార్.

"చెమ్మ ఎందుకు?"

"వాడితే మంచు పడుతుంది. కరిగితే చెమ్మ. ఆరడానికి ఒక రోజు పడుతుంది."

"ఏ జత ఎవరిదండీ?"

"అలా ఏమీ లేదు. ఏది చేతికందితే అది."

"నిన్న మీరు ఎప్పటిదాకా ఉన్నారు?"

"మధ్యాహ్నమే ఇంటికెళ్ళిపోయాను. మళ్ళీ పొద్దున కబురొస్తేనే రావడం. అసలు ఈ వారంలో నేను ఈ గది తలుపే తియ్యలేదు." గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

పిన్ని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "నాయనా, శవం చేతులు ఫోటో తీశావా?"

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా ఫోన్ తీసి చూపించాడు. పిన్ని కళ్ళజోడు సవరించుకుని చూసింది. చేతులకి గ్లౌజులు లేవు. అరచేతులు మామూలుగా ఉన్నాయి.

"గ్లౌజుల్లేకుండా ఈ డబ్బా ఎత్తి పోస్తే చెయ్యి ఏమవుతుంది డాక్టరమ్మా?"

"కాలినట్టు బొబ్బలెక్కుతుంది. చర్మం ఊడొస్తుంది."

"ఈ చేతుల మీద చిన్న మచ్చ లేదు. గ్లౌజులు వేసుకుని పోశాడంటావా, అవి బయట మేకుకి ఉన్నాయి. చచ్చిపోయి, లేచొచ్చి, గ్లౌజులు ఆరేసి, రబ్బరు ముక్క అరలో పెట్టి, తలుపు మూసుకుని మళ్ళీ వెళ్ళి పడుకున్నాడా నాయనా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. "పోస్టుమార్టం రానివ్వండి. మీరు ఊహించినంత మాత్రాన ల్యాబ్ సార్ లాంటి మనిషిని నిలబెట్టి అడగడానికి వీల్లేదు. ఈ మనిషి ఎన్ని ఇళ్ళలో దీపం నిలబెట్టాడో మీకేం తెలుసు?"

పిన్ని ఒక క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈ ఇన్‌స్పెక్టర్ కన్నతండ్రిని కూడా ఇంతలా పొగిడే రకం కాదు. ఇది తర్వాత చూద్దాం అనుకుని ల్యాబ్ సార్ దగ్గరికి నడిచింది.

"బాబూ, నాకు చిన్న కోరిక. ఈ ట్యాంకులోంచి ఒక సంచి తీసి, కరిగించి, అందులో కణాలు బతికున్నాయో లేదో ఇప్పుడే చూపించండి."

"కుదరదండీ." మాట తడుముకోకుండా వచ్చింది. "ప్రతి సంచీ ఒక పేషెంటుది. ఒకసారి కరిగిస్తే మళ్ళీ దాచలేం. మీ అనుమానం కోసం ఎవరి ప్రాణాన్నో పారబొయ్యమంటారా?"

"న్యాయంగా చెప్పారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

న్యాయంగానే ఉంది మరి. పిన్ని గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నం జారిపోతోంది, పైన ఆ పిల్లాడి కిడ్నీ కూడా.

"నాది తియ్యండి."

అందరూ వెనక్కి తిరిగారు. అక్క ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడే ఉంది.

"రెండో విడత కోసం ఇంకో సంచి దాచారుగా మా తమ్ముడికి? అది తియ్యండి. నా తుంటి ఎముకలో సూది దింపి తీసిన మజ్జ అది. పళ్ళబిగువున భరించాను. మీ సొమ్ము కాదు, నా ఒంట్లోది. పారబోసుకుంటానో ఏం చేసుకుంటానో నా ఇష్టం."

"అమ్మా, మీ తమ్ముడికి అది అవసరం పడుతుంది..."

"సాయంత్రానికి వాడే లేకపోతే ఎవరికి ఎక్కిస్తారు?" గొంతు చిరిగిపోయేలా అరిచింది. "తియ్యండి!"

"తియ్యండి," అంది డాక్టరమ్మ కూడా. "ఆ పేషెంటు నావాడు. నేను చెబుతున్నాను."

ల్యాబ్ సార్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్‌కి కూడా కాదనడానికి కారణం దొరకలేదు. తలుపు తీసి రబ్బరు ముక్క అడ్డం పెట్టారు. ల్యాబ్ సార్ వేలాడుతున్న గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. ట్యాంకు మూత ఎత్తగానే తెల్లటి పొగ నేల మీదికి పాకింది. అందులోంచి రేకు పెట్టె తీసి, పెట్టెలోంచి గట్టిపడ్డ పల్చటి సంచి తీసి డాక్టరమ్మ చేతికిచ్చాడు.

మిగతా పని డాక్టరమ్మే చేసింది. సంచిని వెచ్చటి నీళ్ళలో ఊపుతూ కరిగించింది. ఒక చుక్క తీసి నీలం రంగు మందులో కలిపింది.

"చూడమ్మా," అంది అక్కతో, చేతులు పనిచేస్తుండగానే. "బతికున్న కణం ఈ రంగుని లోపలికి రానివ్వదు. అద్దంలో గుండ్రంగా, తెల్లగా మెరుస్తుంది. చచ్చిన కణానికి గోడ ఉండదు, రంగు లోపలికెళ్ళిపోయి నీలంగా కనిపిస్తుంది. పదిలో ఎనిమిదైనా తెల్లగా ఉంటేనే ఎక్కిస్తాం."

గాజుపలక సూక్ష్మదర్శిని కింద పెట్టి కన్ను ఆనించింది. పలకని అటు జరిపింది. ఇటు జరిపింది. ఆవిడ లేచి అక్కకి చోటిచ్చింది.

అక్క వంగి చూసింది.

"అన్నీ నీలమే," అంది. "డాక్టరమ్మా, ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటీ తెల్లది లేదు."

పిన్ని కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది. తమ్ముడి కోసం ఎముకలు తొలిపించుకుని ఇచ్చిన కణాలు, ఎన్నాళ్ళ కిందట చచ్చాయో, ఆ ట్యాంకులో పాతిపెట్టినట్టు పడి ఉన్నాయి.

"ట్యాంకు ఎండిపోయింది ఎప్పుడో," అంది డాక్టరమ్మ. "ద్రవం అయిపోయి, వేడెక్కి, కణాలన్నీ చచ్చాక మళ్ళీ నింపారు. ఇంకోలా ఇలా జరగదు. చచ్చిన కణాలు ఎక్కిస్తే రక్తం గడ్డకడుతుంది, వెంటనే దొరికిపోతారు. అందుకని... ఉప్పునీళ్ళు ఎక్కించారా? అందుకేనా వాసన లేనిది?"

ల్యాబ్ సార్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "నాకేం తెలుసు? ట్యాంకు నింపే పని టెక్నీషియన్‌ది. వాడే ఎండబెట్టి ఉంటాడు. వాసన సంగతి కూడా వాడు చెప్పిందే నేను నర్సుకి చెప్పాను. పట్టుబడతానని భయపడి, నిన్న ఆవిడకి చెబుదామనుకుని, ధైర్యం చాలక... పాపం, తనకి తానే ఈ పని చేసుకున్నాడు."

"అదీ సంగతి!" ఇన్‌స్పెక్టర్‌కి ఊపిరి తిరిగింది. "ఆత్మహత్య. నాకు ముందే ఏదో తేడాగా అనిపించింది."

"నీకు ముందే అనిపించింది ప్రమాదం నాయనా. ఇంకా పొద్దుగుంకలేదు, అప్పుడే మర్చిపోతే ఎలా?" పిన్ని ముక్కు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. "ఇటు రా. ఈ మేకుల కేసి చూడు. ఏం కనిపిస్తోంది?"

"గ్లౌజులు."

"ఎలా ఉన్నాయి?"

ఇన్‌స్పెక్టర్ చూశాడు. మేకుల మీద ఇప్పుడు రెండు జతలూ వేళ్ళు పైకి నిక్కి నిలబడి ఉన్నాయి.

"ఇందాక ఇందులో ఒక జత రింగుతో మేకుకి తగిలించి ఉంది. టెక్నీషియన్ అలవాటు అది. ఇప్పుడు ల్యాబ్ సార్ దాన్నే తొడుక్కుని, పని కాగానే విప్పి, మేకులకి ఇలా తొడిగాడు. నేను చూస్తూనే ఉన్నాను. చేతికి అలవాటైన పని. లోపల తడి ఆరాలని ఏళ్ళ తరబడి ఇలాగే పెడుతున్నాడు. మనిషి ప్రాణం తీసి బయటికొచ్చినప్పుడు కూడా చెయ్యి తన పని తను చేసుకుపోయింది. ఆ పక్క జత చూడు. ఇంకా చెమ్మగా ఉంది. అంటే నిన్న వాడారు. ఈ వారంలో తలుపే తియ్యని మనిషి అలవాటు, నిన్న తడిసిన గ్లౌజుల మీదకి ఎలా వచ్చింది?"

ల్యాబ్ సార్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. ఇన్‌స్పెక్టర్ అసంకల్పితంగా అడ్డం నిలబడ్డాడు. ఎంతైనా పోలీసు కాళ్ళు కదా.

"అతను లోపల ట్యాంకు మీదకి వంగి ఉన్నాడు," అంది పిన్ని నెమ్మదిగా. "నువ్వు ప్లగ్గు ముందే పీకేశావు. గ్లౌజులు తొడుక్కుని డబ్బా మోసుకొచ్చి గుమ్మంలో తన్నేసి, రబ్బరు ముక్క లాగేసి, తలుపు మూసి పట్టుకున్నావు. రెండు ఊపిరుల పని. అవునా?"

ల్యాబ్ సార్ చేతులు బల్ల అంచు వెతుక్కున్నాయి. ఎవరో తనకే అన్యాయం చేసినట్టు అన్నాడు. "వాడు సెలవు మీద వెళుతూ ట్యాంకు నాకు అప్పజెప్పాడు. నేను సదస్సుకెళ్ళాను. ఒక్కసారి మర్చిపోయాను. ఒక్కటంటే ఒక్కసారి! తిరిగొచ్చేసరికి అడుగంటి ఉంది. చెబితే పన్నెండేళ్ళ పని మూసేస్తారు. ఉప్పునీళ్ళు ఎవరికీ హాని చెయ్యవు కదా అనుకున్నాను. నిన్న వాడు కనిపెట్టి, ఆవిడకి చెప్పేస్తానన్నాడు. ఉత్త ఉప్పునీళ్ళే కదా!"

"ఉత్త ఉప్పునీళ్ళే!" డాక్టరమ్మ అతని మీదకి వెళ్ళింది. "వాటిని నమ్మి నేను మందులు కోసేశాను. నా చేత్తో ఆ పిల్లాడి కిడ్నీని ఒంటికి అప్పజెప్పాను!"

అంతలోనే తేరుకుంది. తిట్టడానికి టైము లేదు. ఫోన్ తీసి పైకి చేసింది. "నర్సమ్మా, వైరస్ కాదు, ఒళ్ళు తోసేస్తోంది. నేను రాసి ఉంచిన మొదటి ఇంజెక్షన్ ఇప్పుడే మొదలుపెట్టు. అవును, పెద్ద డోసే. నేను వస్తున్నా." అక్క భుజం పట్టుకుంది. "ఆలస్యం కాలేదనే అనుకుంటున్నాను. నిలబడుతుందో లేదో రేపు తెలుస్తుంది. పద, వాడి దగ్గరే ఉందువు గాని."

అక్క లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ల్యాబ్ సార్ వైపు తిరిగింది. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "మా తమ్ముడొక్కడికేనా? ట్యాంకులో ఉన్నవన్నీ చచ్చాక, ఇంకెవరికీ ఎక్కించలేదా?"

ల్యాబ్ సార్ తల దించుకున్నాడు. "ఇంకో నలుగురికి."

మందులు సగానికి సగం కోసేసి, దర్జాగా ఇళ్ళకి పంపించిన నలుగురు! పిన్ని ఇన్‌స్పెక్టర్‌ని ఆ పేర్లు కక్కించమని చెబుదామని తిరిగింది. ఇన్‌స్పెక్టర్ బేడీలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయి ఉన్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు. ఆ గొంతు పిన్ని ఎప్పుడూ వినలేదు. "ట్యాంకు ఎప్పుడెండింది?"

"వానలు మొదలైన వారం."

"వానల్లోనే కదయ్యా..." ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకేశాడు. "వానల్లోనే కదయ్యా మా ఆవిడకి సంచి ఎక్కించావు? నువ్వే కదా నా భుజం తట్టి, ఇంక మీకే దిగులూ లేదన్నావు?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి తనకి తెలియకుండానే బెల్టు పైన, ఎడమ డొక్క మీదికి పోయింది. అక్క ఆ చెయ్యి చూసింది. గబగబా వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"మీరిచ్చారా?" అంది.

ఆయన తలూపాడు. బేడీలు బల్ల మీద పడేసి ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. పిన్ని ఆ ఫోన్ లాక్కుని, ఇల్లు అని ఉన్నచోట నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి చేతికిచ్చింది.

అవతల కూతురు ఎత్తింది. "నాన్నా! నేనే చేద్దామనుకుంటున్నా. అమ్మ పొద్దున్నించి లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది, కాళ్ళు వాచాయి. నిన్ను కంగారు పెట్టొద్దంది."

"అమ్మకి ఫోనివ్వమ్మా."

"పలకట్లేదు నాన్నా. మూలుగుతోందంతే. మామూలు జ్వరమేగా? కణాలు ఎక్కించారు కదా, అమ్మకింక ఏమీ కాదని నువ్వే అన్నావుగా?"

డాక్టరమ్మ అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. అవతల కూతురు "నాన్నా, ఏమీ కాదుగా?" అని మళ్ళీ అడుగుతూనే ఉంది.